పొర్లిపోనివ్వాల్సిన నీళ్లు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, జూన్ నెలలో, నన్ను పడమటి తీరంలోని ఒక సముద్ర పరిశోధన కేంద్రానికి సీనియర్ సైంటిస్టుగా బదిలీ చేశారు. కరువు సీమలోని బత్తలపల్లెలో పుట్టినవాడికి సముద్రంతో ఏం పని అని మా వాళ్లు ఎగతాళి చేసేవారు.

పని ఇది. సముద్రంలో కంటికి ఆనని నాచు నుంచి డైమిథైల్ సల్ఫైడ్ అనే గంధక వాయువు పుడుతుంది. గాలిలో అది సన్నని రేణువులుగా మారి, మబ్బు కట్టడానికి ఆధారమవుతుంది. ఏ కాలంలో ఎంత ఉంటుందో నీళ్లు తెచ్చి కొలవాలి. వానాకాలంలో అడుగునీళ్లు పైకొచ్చి నాచు బలుస్తుంది కాబట్టి వాయువు పెరగాలి. మా కొలతల్లో వేసవికన్నా తగ్గింది.

వేసవి నమూనాలు వేరొకరు తెచ్చారు. వానాకాలానివి పద్మావతి తెచ్చింది. మా వైపు కుందుర్పి అమ్మాయి, ప్రాజెక్ట్ అసోసియేట్, అంటే ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. కొలిచే యంత్రంలో తప్పు లేదని తేలాక, ఆ కొలతలు పక్కన పెట్టాలని, ఆమెకు పొడిగింపు వద్దని సమీక్షలో అన్నారు. నాకు ఒళ్లు మండింది. కారణం కనుక్కోవడానికి గడువు అడిగాను.

దసరా సెలవుల్లో ఊరికొచ్చి, పొడిగింపు సంగతి ఫోన్లో చెప్పే మాట కాదని కుందుర్పి వెళ్లాను. వారానికోసారి వచ్చే కొళాయి అప్పుడే వచ్చింది. సెలవులకు ఇంటికొచ్చిన పద్మావతి బిందెలు నింపుతోంది. నీళ్లు అంచుకు రాగానే పైపు మడిచి పక్క బిందెలోకి మార్చింది. చుక్క కింద పడలేదు.

“మా పాప పని బాగా చేస్తాండాదా సార్?” అని వాళ్లమ్మ అడిగింది.

నేను పద్మావతి వైపు తిరిగాను. “పడవలో సీసా గూడా ఇట్లే పడతావామ్మా?”

“అంతే సార్. అంచు దాకా నింపి, బుడగ లేకుండా మూత పెడతా.”

“పొర్లించవా?”

ఆమె తల వంచుకుంది. “పద్ధతి కాగితంలో పొర్లించమనే రాసినారు సార్. సముద్రమే గదా అనుకుంటా. నీళ్లు కింద పోతాంటే చేయి ఊరుకోదు.”

సీసా నిండాక మరో రెండు సీసాలకు సరిపడా నీళ్లు పొర్లిపోనివ్వాలి. మొదట పడిన నీళ్లు సీసాలోని గాలికి తగిలి వాయువును పోగొట్టుకుంటాయి. అవి బయటికి పోవాలి. నాకు నవ్వొచ్చింది, ఆ పిల్ల మీద ప్రేమా పుట్టింది. గ్లాసు కడిగిన నీళ్లు నేనిప్పటికీ చెట్టుకే పోస్తాను.

“కింద బకెట్ పెట్టుకో. పొర్లినవి మళ్లీ సముద్రంలోనే పోద్దువు,” అన్నాను.

“అట్లయితే పొర్లిస్తా సార్,” అంది.

సెలవులయ్యాక ఒకేచోట రెండు రకాలుగానూ నీళ్లు పట్టి కొలిచాం. పొర్లించిన సీసాలోనే వాయువు స్పష్టంగా ఎక్కువ. ఆ ఫలితం చూశాక పొడిగింపు ఇచ్చారు. పాత కొలతలు ఎటూ పనికిరాలేదు. మరుసటి వానాకాలం గ్రాఫులో వాయువు గీత పైకి లేచింది.

పద్ధతి ఎంత వివరంగా రాసినా, దాన్ని పాటించే మనిషి ఏ నీళ్ల మధ్య పెరిగిందో అందులో ఉండదు. అది అడిగి తెలుసుకోవాలి. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు నీళ్లు పట్టడం ఇప్పుడు పద్మావతే నేర్పుతోంది. సీసా చేతికిచ్చే ముందు, మీ ఊళ్లో కొళాయి ఎన్నాళ్లకోసారి వస్తుందని అడుగుతుందట.