నాలుగో పేలుడు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, కరీంనగర్ వైపు ఉన్న ఒక పాత విశ్వవిద్యాలయానికి నన్ను కార్యనిర్వాహక ఇంజనీరుగా వేశారు. భవనాల జోలి నాకు లేదు. వాటి మధ్య ఉన్న జాగాను, అంటే బాటలు, మెట్లు, కాలువలు, చెట్ల కింద కూర్చునే చోట్లను కొత్తగా తీర్చిదిద్దడం నా పని. ఎప్పుడో కట్టినవాళ్లు గేటు నుంచి ఆర్ట్స్ భవనానికి ఒకే ఒక పెద్ద బాట వేశారు. ఒక గ్రానైటు బండ ఆ బాటలోకి పొడుచుకొచ్చి, చక్రాల కుర్చీలకు అడ్డంగా ఉండేది. దాని అంచును పేల్చి తీయాలని నిర్ణయించాం.

పేల్చే లైసెన్సు రాజమల్లుది. నస్పూర్‌లో బొగ్గుగని ఉద్యోగం చేసి రిటైరయ్యాక కాంట్రాక్టరు దగ్గర చేరినవాడు. ఆదివారం పొద్దున్నే పని ముగించాలనుకున్నాం. బండకు రంధ్రాలు వేసే కంప్రెసర్ మొరాయించి ఆలస్యమైంది. మధ్యాహ్నం ఆర్ట్స్ భవనంలో ఉద్యోగాల పరీక్ష ఉంది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని పరీక్ష. కానీ పేలుడు మందు కూరిన రంధ్రాలను వదిలేసి పోకూడదు. ఇంకా సమయముంది, కానివ్వమన్నారు రిజిస్ట్రారు.

నాలుగు రంధ్రాలు. రాళ్లు ఎగరకుండా పైన ఇసుక బస్తాలు, గనుల్లో అరిగిపోయిన రబ్బరు బెల్టులు కప్పాం. ఒక్కో వత్తిని ఒక్కో పొడవున కోస్తారు. అప్పుడు పేలుళ్లు వేర్వేరుగా వినబడతాయి, లెక్కపెట్టుకోవచ్చు. లెక్క తగ్గితే ఎక్కడో మందు మిగిలిందని అర్థం. అలాంటప్పుడు అరగంట దాకా ఎవరూ అటు పోకూడదు.

నాకు మూడే వినబడ్డాయి.

“నాలుగు పేలినయి మేడం. రెండు ఒక్కపారే మోగినయి. గీ పనిల నా తల నెరిసింది” అన్నాడు రాజమల్లు. అప్పుడే పోయి చూసొస్తానన్నాడు. వద్దన్నాను. అతని మొహం మాడిపోయింది. ఎర్రజెండా పట్టుకొని బాటకు అడ్డంగా నిలబడ్డాడు.

బాటకు అడ్డంగా మేం కట్టిన తాడు అవతల అభ్యర్థులు పోగవుతున్నారు. రిజిస్ట్రారు ఫోను చేసి, లైసెన్సు ఉన్న మనిషే పేలిందంటుంటే మీ అనుమానమేమిటన్నారు. స్థలం బాధ్యత నాదని చెప్పాను. నిండు గర్భిణి ఒకామె జనాన్ని తప్పించుకొని ముందుకు వచ్చింది. పేరు లలిత అని తర్వాత తెలిసింది.

“ఆదిలాబాద్ నుంచి చీకట్ల బయలెల్లినం మేడం. ఇడిసిపెడ్తరా లేదా, జర చెప్పుండ్రి.”

ఇంకాసేపట్లో వదులుతామన్నాను. ఆ మాట అంటూనే గడియారం చూసుకున్నాను. అరగంట అయ్యేదాకా ఆగితే చాలామందికి పరీక్ష పోతుంది.

ఇక మిగిలిన దారి హాస్టల్ వంటశాల వెనక ఉన్న చిన్న గేటు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆదివారం ఎవరికీ తెలియదు. మా అసిస్టెంట్ ఇంజనీరును పంపి తాళం పగలగొట్టించాను. అటునుంచి చుట్టు తిరిగి పోవాలి. నేల గుంతలు, కంకర. జనం ఒక్కసారిగా ఉరికారు. లలిత ఉరకలేదు. ఒక చెయ్యి నడుం మీద పెట్టుకొని, చూసి చూసి అడుగు వేస్తూ అందరి వెనక పోయింది. తోడుగా మా అటెండరమ్మను పంపాను.

గడువు తీరాక రాజమల్లు ఒక్కడే బండ దగ్గరికి పోయాడు. బస్తాలు ఒకటొకటిగా తీస్తుంటే తాడు దగ్గర నిలబడి చూశాను. చాలాసేపటికి అతను చెయ్యెత్తి పిలిచాడు. నాలుగు రంధ్రాలూ పగిలే ఉన్నాయి.

“పేలినయి మేడం” అన్నాడు. “అయినా సరే, ఆపుడే మంచిగైంది. ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు” అన్నాడు.

అప్పుడే అటెండరమ్మ తిరిగి వచ్చింది. అందరూ లోపలికి పోయారట, లలిత తప్ప. ఆమె మెట్లెక్కుతుండగానే పరీక్షవాళ్లు గ్రిల్ గేటు మూశారట. నేను పోయి మాట్లాడాను. వాళ్లు నిబంధన చూపించారు. నేను ఇందాక చేసినదీ అదే కనుక గట్టిగా వాదించలేకపోయాను. లలిత మెట్ల మీద కూర్చొని నీళ్లు తాగింది. బస్సు ఎన్నింటికి ఉందని అటెండరమ్మను అడిగింది.

రిజిస్ట్రారు నన్ను సంజాయిషీ అడిగారు. మూడే వినబడ్డాయి కనుక ఆపానని రాసి ఇచ్చాను.

అనుమానం ఉన్నప్పుడు తాడు విప్పకూడదన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ మనుషులను ఆపవలసిన చోట, వాళ్లు పోవడానికి ఇంకో దారి ముందే ఉండాలి. ఆ వారమే ప్రాంగణం నక్షా వెనక్కి తెప్పించి ఆర్ట్స్ భవనానికి రెండో బాట గీశాను. ఆ తర్వాత నా సంతకంతో పోయిన ఏ నక్షాలోనూ ఏ భవనానికీ ఒకే దారి లేదు.