వరసలో అడిగితే చెబుతుంది

ఇవాళ పొద్దున పొయ్యి మీంచి ఇడ్లీ పాత్ర దించుతుంటే మూత చేతిలోంచి జారి వంటింటి బండల మీద పడింది. ఇల్లంతా ఖంగుమంది. ఇంకెవరైనా అయితే మూత సొట్టపోయిందా, కాలి మీద పడిందా అని ముందు అది చూసుకుంటారు. నేను హాల్లో హోంవర్కు రాసుకుంటున్న మనవరాలి వంక చూశాను. అది తలెత్తి, "ఏంది అమ్మమ్మా, మళ్ళీ పడేశావా?" అని విసుక్కుని మళ్ళీ రాతలో పడింది. అప్పటిగ్గాని నా గుండె కుదుటపడలేదు. ఇప్పుడది రెండో తరగతి. ఈ పిచ్చి నాకెప్పుడు పట్టిందో చెప్పాలంటే, దానికి మూడేళ్ళు కూడా నిండని రోజులకు వెళ్ళాలి.

అప్పట్లో మా అమ్మాయి నరసరావుపేటలోనే ఒక బట్టల షాపులో పనిచేసేది. అల్లుడు లారీ ఎక్కితే ఎప్పుడు దిగుతాడో ఆ లారీకే తెలియాలి. అందుకని తల్లీబిడ్డలు మా ఇంట్లోనే ఉండేవాళ్ళు. పగలు పిల్లను మా సందు చివరి అంగన్వాడీకి పంపేవాళ్ళం. "అమ్మ" తప్ప దానికి ఇంకో మాట రాలేదు. దాని మేనమామకీ మాట ఆలస్యమే, తొందరేముంది అన్నారు చుట్టాలు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశాను. దానివల్ల మాటలైతే రాలేదు గాని, నన్ను చూడగానే నోరు బిగించుకోవడం మాత్రం బాగా వచ్చింది.

నా భయం మాట గురించి కాదు. వెనకనుంచి ఎవరు పిలిచినా ఆ పిల్ల నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేది. ఎదురుగా వెళితే మాత్రం ముఖమంతా నవ్వే. ఒకరోజు గుమ్మం ముందు ఇసకలో ఆడుకుంటోంది. మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకున్న ట్రాక్టరొకటి హారన్ మోగిస్తూ సందులోకి తిరిగింది. పిల్ల కదల్లేదు. పరుగెత్తి ఎత్తుకున్నాను. "ఆటలో పడితే పిల్లలంతేనే," అన్నారు మా ఆయన. ఆ రోజునుంచి ఎన్నిసార్లో దాని వెనక నిలబడి స్టీలు పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. తీసుకుని మళ్ళీ గూట్లో పెట్టేసేదాన్ని. పడేస్తే తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే పడేయలేదు.

ఇంతలో అంగన్వాడీ టీచరమ్మ ఇంటికొచ్చి, "శుక్రవారం పిల్లల ఎదుగుదల చూస్తన్నామండీ. నడక, మాట, ఆట, అన్నీ చూస్తాం. పెద్దోళ్ళూ రండి," అని చెప్పి వెళ్ళింది. మా ఆయన లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి. సందుకో ట్యూషనుండే ఊళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించారు. పరీక్ష అన్న మాట ఆవిడ నోటినుంచి రాలేదు, ఈయనకు మాత్రం అదే వినపడింది. నిరుడు ఏమేం అడిగారో సందంతా వాకబు చేసుకొచ్చి, ఆ సాయంత్రమే మనవరాలిని అరుగు మీద ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. కళ్ళు, ముక్కు, చెవులు, నోరు, జుట్టు. ఆయన ఒక్కొక్కటీ చెబుతూ తన ముఖం మీద ముట్టుకుంటే అదీ ముట్టుకునేది. జుట్టు కాగానే చెయ్యి చాపేది. ఆయన జేబులోంచి పల్లీ చిక్కీ ముక్క తీసి పెట్టేవారు. ఆయనకు జుట్టెక్కడిదీ, ఉత్త బట్టతల ముట్టుకుంటుంటే ఇద్దరూ ఒకటే నవ్వు. నాలుగు రోజులయ్యేసరికి తాత చెయ్యెత్తకుండానే పిల్ల అన్నీ గబగబా ముట్టుకునేది. "చూశావా, దీనికేం తక్కువే? నీదంతా చాదస్తం," అన్నారాయన. నాది చాదస్తమే కావాలని ఆ వారమంతా దేవుడికి దండాలు పెట్టుకున్నాను.

శుక్రవారం అమ్మాయికి షాపులో సెలవు దొరకలేదు. మేమిద్దరమే వెళ్ళాం. ఆ ఒక్క గదిలోనే పిల్లలూ, తల్లులూ, ఉడికిన గుడ్ల వాసనా. మా పిల్లను చాప మీద కూర్చోబెట్టుకుని టీచరమ్మ, "ముక్కేది తల్లీ?" అని అడిగింది. పిల్ల తాత వంక చూసి నవ్వి, కళ్ళు ముట్టుకుంది. "నోరేది?" అంటే ముక్కు ముట్టుకుంది. "జుట్టేది?" అంటే చెవులు. తల్లులు నవ్వారు. మా ఆయనా నవ్వుతూ, "వరసలో అడగండి టీచరమ్మా. వరసలో అడిగితే చెబుతుంది," అన్నారు.

టీచరమ్మ నవ్వలేదు. అడగడం మానేసి ఊరికే చూస్తూ కూర్చుంది. పిల్ల కాసేపు ఎదురుచూసి, ఎవరూ ఏమీ అడక్కుండానే నోరు ముట్టుకుంది, జుట్టు ముట్టుకుంది. ఆ తర్వాత తాతకేసి చెయ్యి చాపింది. చిక్కీ కోసం జేబులో పెట్టిన ఆయన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఆయన ముఖంలో నవ్వు మాయమవడం చూశాను. టీచరమ్మ నా వంక చూసింది. మధ్యాహ్నం భోజనాలకు కడిగి పెట్టిన పళ్ళేలు నా పక్కనే ఉన్నాయి. ఒక పళ్ళెం తీసుకుని, పిల్ల వీపు వెనక నిలబడి, వదిలేశాను.

గదిలో పిల్లలందరూ ఉలిక్కిపడి తిరిగారు. ఒక చంటిది గుక్కపట్టి ఏడ్చింది. మా పిల్ల తాత జేబు వంకే చూస్తూ కూర్చుంది.

"చిన్నప్పుడే తెలిసింది, మంచిదే పిన్నిగారూ. చెవుల డాక్టరుకి చూపిద్దాం," అంటూ టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ మాట నాకు తర్వాతెప్పుడో గాని ఎక్కలేదు. మా ఆయన పిల్లను భుజాన వేసుకుని ఇంటిదారి పట్టారు. షాపునుంచి వచ్చిన అమ్మాయికి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. అది ఏడవలేదు. "మరి ఇన్నాళ్ళూ నేను జోల ఎవురికి పాడానమ్మా?" అంది.

గుంటూరు ఎన్నిసార్లు తిరిగామో. చివరికి రెండు చెవులకీ మిషన్లు పెట్టించాం. పెట్టిన మొదటి రోజు కుక్కరు విజిలుకి అది హడలిపోయి నా కొంగులో దూరి కేకలు పెట్టింది. పిల్ల ఏడుస్తుంటే సంతోషించడం నా జన్మలో అదొక్కసారే. మాటలు మెల్లగా వచ్చాయి. వచ్చాక ఇక ఆగలేదనుకోండి. తాత ఇప్పటికీ చిక్కీ తెస్తారు. కానీ ఎదురుగా నిలబడి ఇవ్వరు, వెనకనుంచి పేరు పెట్టి పిలిచి, తిరిగాకనే ఇస్తారు. ఆయన భయం ఆయనది, పైకి చెప్పరు.

నా భయం మాత్రం చేతిలోంచి జారే వస్తువుల్లో ఉంది. మూత నేలను తాకడానికీ పిల్ల తలెత్తడానికీ మధ్య పట్టేది రెప్పపాటే. ఇన్నేళ్ళు గడిచాయి గాని, ఆ రెప్పపాటు మాత్రం నాకు ఇంకా గడవలేదు.