బంటీ నిద్ర కోసం భివండీలో ఆగిపోయిన మా బండి

మా అమ్మాయి సుజాతకు ఏడో నెల పడిందని, ఈసారి కాన్పుకు పుట్టింటికి రావడానికి వీల్లేదని ముంబయి దగ్గరి భివండీ నుంచి ఫోను వచ్చింది. దూర ప్రయాణం కుదుపులు పడకూడదని అక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పిందట. వాళ్ళు ఉండేది కామత్‌ఘర్‌లో ఒకే ఒక్క ఖోలీ, అంటే గది. అందులోనే వంట, అందులోనే పడక, గోడ అవతల మరమగ్గాలు. అల్లుడు రమేశ్ పొద్దున పోతే చీకటి పడ్డాక గానీ మగ్గం వదలడు. అత్తగారు లేరు. నిండు కడుపుతో ఉన్న పిల్ల రెండేళ్ళ బంటీ వెంట ఎక్కడ పరుగెత్తుతుంది? పోనీ నేను వెళ్ళి ఉందామంటే ఆ గదిలో నాలుగో మనిషి కాళ్ళు చాపే జాగా లేదు. అందుకని బంటీని మా జగిత్యాల ఇంటికి తెచ్చుకొని, కాన్పై సుజాత తేరుకునేదాకా మా దగ్గరే పెట్టుకోవాలని నిర్ణయించాను. మా ఇంట్లో నిర్ణయాలు నావే, దాచడమెందుకు? మా ఆయన ముందు నిలబడి, "నీ బండికి పని దొరికింది, లే" అన్నాను.

బండి సంగతి చెప్పాలి. మా ఆయన జీవితమంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. వేరేవాళ్ళు నడిపే బండిలో కూర్చుంటే ఆయన కాలు ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటుంది, పక్కవాళ్ళకు శాంతి ఉండదు. రిటైరైన ఏడాది ఎవరో అమ్మేసిన పాత స్కూలు వ్యాను కొని, సీట్లు పీకించి, ఒక పక్కన చెక్క బల్ల మంచం, ఇంకో పక్కన చిన్న గ్యాసు పొయ్యి, వెనక నీళ్ళ డ్రమ్ము పెట్టించాడు. కిటికీలకు నా పాత చీరలే తెరలు. తీర్థయాత్రలకట! ఆ యాత్రలు ధర్మపురి దాటింది లేదు. మా వాడకట్టు ఆడవాళ్ళు "ఏందక్కా, ఇల్లు నెత్తిన వెట్టుకొని నత్తలెక్క పోతున్నరా?" అని నవ్వేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను.

సొంత బండిలో మాలాగే పోదామనుకునే వాళ్ళ కోసం దారి చెబుతాను. జగిత్యాల నుంచి నిజామాబాద్, నాందేడ్, జాల్నా, ఔరంగాబాద్, నాసిక్, అక్కడి నుంచి కసారా ఘాట్ దిగితే భివండీ. తెల్లవారకముందే బయలుదేరి మొదటి రాత్రి జాల్నా ఇవతల, రెండో రాత్రి నాసిక్ బయట ఆగాము. పోవడానికి డీజిల్ మూడు వేల లోపే అయింది, అప్పటి ధరల్లో. రాత్రిపూట ధాబా పక్కన బండి నిలుపుకుంటే అద్దె అడగరు, భోజనం అక్కడే చేయాలి, అంతే. జాల్నా దగ్గరి ధాబాలో వంట చేసే ఆయన మా బండి లోపలికి తొంగిచూసి, "పొయ్యి, మంచం, అన్నీ ఉన్నాయే! దయచేసి మా ఆవిడకు చూపించకండి, నాకూ ఇట్లాంటిది కావాలని కూర్చుంటుంది" అని హిందీలో అన్నాడు. మా ఆయన మర్నాడంతా మీసం తిప్పుకుంటూనే నడిపాడు. కసారా ఘాట్ మాత్రం పొద్దుటే దిగండి. పొద్దెక్కితే మాలాగే లారీల వెనక నత్తనడకే.

దారి పొడవునా నా మనసులో ఒకటే లెక్క. బంటీని నేను ఎత్తుకున్నది వాడు బోర్లా పడే వయసులో. ఇప్పుడు నడుస్తాడు, మాట్లాడతాడు. నా దగ్గరికి వస్తాడా? వస్తాడులే అని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు అంగన్‌వాడీ నడిపినదాన్ని. మధ్యాహ్నం అన్నం పెట్టి, గదినిండా పిల్లలను చాపల మీద వరుసగా పడుకోబెడితే ఒక్కడూ కిక్కురుమనేవాడు కాదు. ఊళ్ళో తల్లులు తమవల్ల కాని పిల్లలను నా ఒళ్ళో వేసి పోయేవాళ్ళు. నా మనవడు నాకొక లెక్కా?

గురువారం సాయంత్రం, భివండీ బయట గోదాములుండే మాన్కోలి చేరాము. అల్లుడు రోడ్డు మీదే ఎదురు చూస్తున్నాడు. బండిని ముందు నుంచి వెనక్కి ఒకసారి చూసి, "మామా, గీ గాడీ మా గల్లీల పట్టది. గోదాము కాడ పెడ్దాం, హమాలీల ముకాదం మనోడే" అన్నాడు. ముకాదం అంటే మేస్త్రీ. ఆయన చూపిన గోదాము గోడ పక్కన బండి పెట్టి, షేరింగు ఆటోలో కామత్‌ఘర్‌కు బయలుదేరాము. మనిషికి ఐదు రూపాయలు, కానీ ముగ్గురు పట్టే చోట ఆరుగురిని కూర్చోబెడతారు, మోకాళ్ళు ఎవరివో తెలియదు. గల్లీలోకి తిరగ్గానే మగ్గాల మోత. అక్కడ వాటిని సాంచాలంటారు. సుజాత నన్ను వాటేసుకొని ఏదో అంది, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. లోపల గోడవారగా బొంత మీద బంటీ ఆదమరచి నిద్రపోతున్నాడు. "ఈ సప్పుడుల పసివాడు ఎట్ల పండుకున్నడే?" అని అరిచాను. "అలవాటమ్మా!" అని సుజాత కూడా అరిచింది. అలవాటు కాదు, అలసట అనుకున్నాను నేను. మా ఇంటి చల్లని నీడలో పడుకుంటే తెలుస్తుంది వీడికి నిద్రంటే ఏమిటో!

శుక్రవారం భివండీలో సాంచాలకు సెలవు. వాడకట్టంతా నిశ్శబ్దం. నాకు ప్రాణం లేచి వచ్చింది. బంటీకి నీళ్ళు పోసి, పెరుగన్నం కలిపి పెట్టి, ఒళ్ళో వేసుకున్నాను. "నకో!" అన్నాడు. వద్దని మరాఠీలో. జోకొట్టాను, భుజాన వేసుకొని తిరిగాను, వీపు నిమిరాను, కాకమ్మను పిలిచాను. నకో, నకో, నకో! సాయంత్రం దాకా కన్ను మూయలేదు, ఏడుపు ఆపలేదు. సుజాత తాను నూలు చుడుతున్న కండెలు పక్కన పెట్టి వచ్చి, "శుక్రారం గిట్లనే చేస్తడమ్మా, నువ్వు పరేషాన్ గాకు" అంది. నన్ను ఊరుకోబెట్టడానికి అంటోంది అనుకున్నాను. పక్క ఖోలీ ఆమె గుమ్మంలో నిలబడి, "ఏంది పెద్దమ్మా, మనుమడు మీకాడ కుదురుతలేడా?" అంది. మామూలుగానే అడిగింది పాపం, కానీ ఆ మాట ముల్లులా దిగింది. ఊరి పిల్లలందరూ పడుకున్న ఒళ్ళు ఇది. సొంత కూతురి కొడుక్కి పనికిరాలేదు.

శనివారం మళ్ళీ మోత మొదలైంది. ఆదివారం తెల్లవారుజామునే తిరుగు ప్రయాణం పెట్టుకున్నాము కాబట్టి, ఇక వాడు నాకు అలవాటు కావాల్సిందే. ఈ గోలకు దూరంగా బండిలో పడుకోబెడితే హాయిగా నిద్రపోతాడని మధ్యాహ్నం వాణ్ని ఎత్తుకొని, మా ఆయనతో కలిసి మాన్కోలికి ఆటో ఎక్కాను. ఆటోలో నా భుజం మీదే నిద్రపోయాడు. చూశావా అన్నట్టు మా ఆయన వైపు చూశాను. గోదాము వెనక అంతా నీడ, చప్పుడన్నది లేదు. బండిలో బొంత పరిచి పడుకోబెట్టానో లేదో కళ్ళు తెరిచాడు. ఇక ఏడుపు! "అమ్మీ కాడికి, అమ్మీ కాడికి" అని గుక్క పట్టి ఏడ్చాడు. నాకూ ఏడుపు వచ్చింది. "వీనికి నేను నచ్చలే. గింతే. పోదాం పా, తల్లికి అప్పజెప్పి పోదాం" అన్నాను. మా ఆయన ముందుకెళ్ళి ఇంజన్ స్టార్ట్ చేశాడు, కామత్‌ఘర్ మొదటి దాకా బండిలోనే పోదామని.

ఆ పాత డీజిల్ ఇంజన్ మోతకు బల్ల మంచం గడగడలాడింది. బంటీ ఏడుపు ఆపాడు. నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకొని రెండుసార్లు కళ్ళు ఆర్పి, నిద్రపోయాడు.

మా ఆయనకు అనుమానం వచ్చి ఇంజన్ ఆపాడు. వీడు కళ్ళు తెరిచాడు. స్టార్ట్ చేశాడు, మూశాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాము. నిన్న శుక్రవారం. సాంచాలు బంద్. ఓరి నాయనో! వీడు కడుపులో ఉన్నప్పటి నుంచీ సాంచాల చప్పుడులోనే పెరిగాడు. వీడికి జోలపాట అదే. ఆగితేనే భయం. నేను నిశ్శబ్దం తెచ్చి వీడికి బహుమానంగా ఇద్దామనుకున్నాను!

బండి కదలకుండా ఇంజన్ తిరుగుతూనే ఉందని ముకాదం వచ్చాడు. "ఏంది పెద్దయ్యా, నిలవడ్డ గాడీకి ఇంజన్ చాలూ ఎందుకు?"

"మనుమడు పండుకున్నడు" అన్నాడు మా ఆయన.

"మరి బంద్ చెయ్యరాదు?"

"బంద్ చేస్తే లేస్తడు."

ముకాదం లోపలికి తొంగిచూసి నవ్వాడు. "మా పోరగాండ్లు గంతే. ఊరికి తీస్కపోతే రాత్రంతా జాగారమే" అని పోయాడు. బంటీ తనంతట తాను లేచేదాకా డీజిల్ తగలబెడుతూ అక్కడే కూర్చున్నాము. నా కాలు తిమ్మిరెక్కింది, కానీ కదపలేదు. ఆ పూట వాడు నా ఒళ్ళో పడుకున్నాడు మరి.

ఇంటికి వెళ్ళాక సుజాతను అడిగాను, ముందే ఎందుకు చెప్పలేదని. చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎట్ల చెప్పాలమ్మా? నాకోసం గంత దూరంకెల్లి వస్తివి. వద్దంటే నీ మనసు కష్టపడ్తది. కానీ వాడు కండ్ల ముందట లేకుంటే నాకు బుక్క దిగది. ఆడ సప్పుడు లేక వాడు ఏడుస్తడు, ఈడ నేను ఏడుస్త." ఆ మాట చెప్పడానికి అది ఎన్ని రోజులు నలిగిపోయిందో తెలియదు. నేనేమో ఫోనులోనే అంతా తేల్చేశాను. దాన్ని దగ్గరికి తీసుకొని, "వాణ్ని ఎక్కడికీ తీస్కపోనే. మేమే ఈడ ఉంటం" అన్నాను. "ఈడ జాగేదమ్మా?" అంది. మా ఆయన తలుపు దగ్గర నుంచే, "జాగ మేం తెచ్చుకున్నం గద బిడ్డా. మాన్కోలిల నిలబెట్టిన" అన్నాడు.

తరువాతి శుక్రవారం పొద్దున, గల్లీల్లో సరుకు టెంపోలు లేని వేళ చూసి, మా ఆయన బండిని కామత్‌ఘర్‌లోకి తెచ్చాడు. రెండు పక్కలా జానెడు సందు. అరుగుల మీద జనం నిలబడి "ఆనే దో, ఆనే దో" అని, రానివ్వు రానివ్వు అన్నట్టు చేతులూపారు. సాంచాల షెడ్డు పక్కన దాని యజమాని సేట్ ఇచ్చిన కాస్త ఖాళీలో పెట్టాము. ఖోలీకి అది రెండో గది అయింది. పగలు సుజాత అందులో నడుం వాల్చేది, రాత్రి మేము పడుకునేవాళ్ళం. మొదటి వారం నాకు కునుకు లేదు. రెండో వారం కాస్త పట్టింది. బంటీ "నకో" మానేసి "అమ్మమ్మా, చల్" అని నా చెయ్యి పట్టి లాగడం మొదలుపెట్టాడు. ఆడపిల్ల పుట్టింది. బాలింతరాలికి ఇంగువ కారం, మిరియాల చారు బండి నుంచే వెళ్ళేవి. ఆ చంటిది కూడా గోడ అవతల సాంచా మొదలైతేనే కన్ను మూసేది.

వారం అనుకొని వెళ్ళినవాళ్ళం నాలుగు నెలలు దాటాక ఇల్లు చేరాము. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే నాకు నిద్ర రాలేదు. ఇటు తిరిగాను, అటు తిరిగాను. ఇల్లంతా చప్పుడు లేక చెవులు గుయ్యిమంటున్నాయి. అక్కడ పిల్లలు ఎట్లా ఉన్నారో, ఇప్పుడు ఏం చేస్తున్నారో అని ఒకటే గుబులు. మా ఆయన కాసేపు చూశాడు. లేచి చెప్పులు వేసుకొని బయటికి వెళ్ళాడు. కిటికీ కింద ఇంజన్ స్టార్ట్ అయిన చప్పుడు విన్నాను, తరువాత ఏమైందో తెలియదు. లేచేసరికి సాయంత్రమైంది.

పిల్లలకు ఏం కావాలో మనకు తెలుసనుకొని బయలుదేరతాం. వాళ్ళకు ఏం ఉందో ముందు చూడాలని నాకు అరవై ఏళ్ళకు తెలిసింది. బాధేమీ లేదు, తెలిసింది కదా. భివండీలో మనవలను చూడడానికి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే సలహా ఒక్కటే. పెద్ద బండి ఉంటే శుక్రవారం పొద్దున గల్లీలోకి తెచ్చుకోండి, దారి ఖాళీగా ఉంటుంది. కానీ పిల్లలు మీకు కుదిరారా లేదా అన్నది మాత్రం శుక్రవారం నాడు తేల్చకండి, శనివారం సాంచాలు మొదలయ్యేదాకా ఆగండి.