పదును పోయిన వాల్వు ఆంప్లిఫయర్

2022వ సంవత్సరం. కరోనా తగ్గినా కొందరం ఇంకా మాస్కులు తీయని రోజులు. తిరువళ్ళూరులో నాది పాత రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే చిన్న అంగడి. ఆవడి దగ్గర ఒక ఫ్యాక్టరీలో సోల్డరింగ్ పని చేస్తూ నేర్చుకున్న విద్య అది. యాభై దాటాక నడుమునొప్పి, కళ్ళమంట మొదలయ్యాయి. ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు, గాజు బుడ్లలాంటి వాల్వులతో నడిచే సెట్లు ముట్టుకునేవాళ్ళు చుట్టుపక్కల కరువైపోయి, ఆ బరువంతా నా బల్ల మీదికే వచ్చేది.

ఒక మధ్యాహ్నం దేవరాజులు గారు తిరుత్తణి నుంచి అలాంటి సెట్టొకటి వ్యానులో తెచ్చారు. గిటారు ఆంప్లిఫయర్. ఆయన ఒక పాటకచ్చేరీ బృందంలో గిటారు వాయిస్తారు. అరవై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు మద్రాసులో ఎవరో అమ్మేస్తుంటే ఇష్టపడి కొన్నారట.

"గుయ్యిమని ఒకటే మోతమ్మా. దాంతోబాటు సత్తంలో పదును పోయింది," అన్నారు. గిటారు శబ్దం మొద్దుబారిందని ఆయన బాధ.

"ఎప్పట్నించి అన్నా?"

"మాస్కు దించి చెప్పమ్మా, అర్థం కాలే."

దించి మళ్ళీ అడిగాను. అప్పుడు నాకు ఏ అనుమానమూ రాలేదు.

వాల్వు సెట్టుకు ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో మనిషిని చంపేంత కరెంటు నిలిచి ఉంటుంది. ముందు దాన్ని నెమ్మదిగా దించేసి, తర్వాతే చెయ్యి పెట్టాలి. మోతకు కారణం తొందరగానే దొరికింది. కరెంటులోని ఒడిదుడుకులను చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఉబ్బి, కారిపోయి ఉన్నాయి. కొత్తవి వేశాను. పాత రెండు పిన్నుల ప్లగ్గు తీసి, ఎర్త్ ఉన్న మూడు పిన్నులది పెట్టాను. మోత పోయింది.

కొన్నాళ్ళకు ఫోను చేశారు. "మోత లేదు. పదును మాత్రం రాలే."

సెట్టు మళ్ళీ వచ్చింది. గిటారు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను మొదట పెంచే ప్రీయాంప్ వాల్వులు మార్చాను. నా చెవికి బాగానే మోగింది. ఆయన తీసుకెళ్ళాక మళ్ళీ అదే మాట. నాకు విసుగొచ్చింది. కానీ ఆడి కృత్తికకు, అంటే ఆడి నెలలో వచ్చే గుడి పండుగకు, తిరుత్తణిలో వాళ్ళ కచ్చేరీ ఉంది. లోపం గిటారులోనో, ఆ ఇంటి కరెంటులోనో ఉందేమో చూద్దామని పరికరాలు సంచిలో వేసుకుని నేనే రైలెక్కాను.

ఇంట్లో ఆయన భార్య సుగుణక్క కాఫీ ఇచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "గిటారు చెవుల్లో గుచ్చుకుంటా ఉండాది, తగ్గించు అని బృందమోళ్ళు మొత్తుకుంటా ఉండారు. ఈయన వాళ్ళతో కొట్లాట. ఈసారికి వేరే మనిషిని పెట్టుకుంటామన్నారు."

గిటారూ, కరెంటూ సరిగానే ఉన్నాయి. సిగ్నల్ జనరేటర్ తగిలించాను. అది ఎంత స్థాయి కావాలంటే అంత స్వరం పుట్టించే పెట్టె. బయటికొచ్చే ధ్వని ఆసిలోస్కోపు తెర మీద అలలా కనిపిస్తుంది. స్వరాన్ని మెల్లగా పైకి తీసుకెళ్ళాను. అది కీచుమనే చోటికి వచ్చేసరికి దేవరాజులు గారు అడిగారు.

"ఏమ్మా, ఆపేసినావా?"

తెర మీద అల నిండుగా నిలబడే ఉంది. వంటింటి గుమ్మంలో సుగుణక్క రెండు చెవులూ మూసుకుని నా వైపే చూస్తోంది.

ఒక చిన్న కెపాసిటర్ అంటిస్తే ట్రెబుల్, అంటే ఆ కీచు స్వరాల బలం, పెరుగుతుంది. ఆయన సంతోషిస్తారు, నేను సాయంత్రం బండికి ఇల్లు చేరతాను. అలసిపోయిన నాకు ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ దాంతో బృందం ఆయన్ను పూర్తిగా వదులుకుంటుంది. జనరేటర్ ఆపి, ఆయన ఎదురుగా కూర్చుని మాస్కు తీశాను.

"అన్నా, అప్పుడు నేను ఆపలే. మోగతానే ఉణ్ణింది."

ఆయన తెర వైపు, తర్వాత భార్య వైపు చూశారు.

"రెండేండ్లుగా చెప్తా ఉండా," అంది ఆమె. "కుక్కరు కూసిందా లేదా అని కూడా నన్నే అడగతాడు."

అప్పుడు ఆయన అన్నారు. "నాకూ తెలస్తానే ఉణ్ణిందమ్మా. లోపం ఆంపుదైతే నువ్వు బాగుచేస్తావు గదా అని."

నేను జనరేటర్ తీగలు ఊడదీశాను. సామాను సర్దుకుంటుంటే ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నారు. వెళ్ళొస్తానన్నా ఇటు తిరగలేదు.

ఆ ఆడి కృత్తికకు ఆయన వాయించలేదు. తర్వాత చెవి డాక్టరుకు చూపించుకుని మిషను పెట్టించుకున్నారని విన్నాను. మరుసటి ఏడాది ఒక వాల్వు మాడిపోతే దంపతులిద్దరూ సెట్టు తెచ్చారు. మిషనులో పాట రేకు డబ్బాలో మోగినట్టుంటుందట, అందుకే వాయించేటప్పుడు తీసేస్తారట. బృందం మళ్ళీ పిలిచింది. వాల్వు మార్చి సెట్టు ఆన్ చేశాను. ఆయన గిటారు మీటుతుంటే సుగుణక్క వంగి ట్రెబుల్ బటన్ తిప్పింది.

"నాకు పాట తెలీదు," అంది నాతో. "గుచ్చుకుంటే తగ్గిస్తా, అంతే."

ఆయన ఆమె ముఖం చూస్తున్నారు. ఆమె తల ఊపాకే రెండో తీగ మీటారు.

లోపం వెతకడం నా పని అనుకుని ఇన్నేళ్ళు బతికాను. వెతికినచోట లోపం లేనప్పుడు ఆ మాట ఎదుటి మనిషికి చెప్పడం కూడా నా పనేనని ఆ సెట్టుతో తెలిసింది. దానికి పనిముట్లేవీ లేవు. ఇప్పటికీ ఆ పని వచ్చిన రోజు నాకు మామూలుకన్నా ఎక్కువ అలసటగా ఉంటుంది.