ఆదోని బస్సులో హమాలీ

మిలిటరీ రవాణా విమానాల్లో సరుకు ఎక్కించి, బిగించి కట్టి, దానితోపాటు ఎగరడం నా ఉద్యోగం. ఆ ఏడు కూడా ప్రమోషన్ రాలేదు. ఇక మానేద్దామనుకుంటూనే, తోటి ఉద్యోగి చెల్లెలి పెళ్లికని ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను.

పక్క సీటు పెద్దాయన పేరు ఖాసీం. పత్తి మార్కెట్టులో హమాలీ. "ఏం పని సేస్తావప్పా?" అని అడిగాడు. మా విజయనగరం వైపు అప్ప అంటే అక్క. ఇంత మీసమున్న నన్ను అలా పిలిచేసరికి నవ్వొచ్చింది. పని చెప్పాను.

ఎవరికి చెప్పినా బాంబులు వేస్తావా అంటారు. కాదంటే వాళ్ల ఉత్సాహం చల్లారిపోతుంది. ఈయన మాత్రం నా వైపు పూర్తిగా తిరిగి, "బరువు యాడ పెడ్తారు? ముందరనా, ఎనకనా?" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. జీపును గొలుసులతో ఎలా బిగిస్తామో చేతులతో చూపించాను. లారీ మీద పత్తి బేళ్లు ఎలా పేర్చాలో ఆయన చెప్పాడు.

"ఒకపక్కకే పేరిస్తే లారీ పల్టీ కొడ్తాదని సెప్తే మా డ్రైవర్లు ఇనరు. మీ పైలట్ ఇంటాడా నీ మాట?"

"బరువు సరిగా లేదని నేనంటే విమానం కదలదు."

"ఎంత మర్యాదప్పా నీకు," అన్నాడు మెల్లగా.

ఎమ్మిగనూరులో దిగేటప్పుడు నా సంచి తనే అందించి, కండక్టరుతో, "ఈయప్ప ఇమానానికి లోడెత్తేటోడు. మా పనోడే," అని గర్వంగా చెప్పాడు.

ప్రమోషన్ ఇంకా రాలేదు. మానేసే ఊసు మాత్రం మళ్లీ ఎత్తలేదు.