మూడో ప్రకటన

మద్రాసు టెలిఫోను ఎక్స్ఛేంజిలో నాకు ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర దాటింది. రోజుకు ఎనిమిది గంటలు చెవికి ఫోను, చేతిలో తీగలు. ఇంట్లో ఎవరైనా పిలిచినా "నంబరెంతండీ" అంటానని మా తమ్ముడు వెక్కిరిస్తాడు. ట్రంకు లైన్లో గట్టిగా అరవకపోతే అవతలి ఊరివాళ్ళకు వినపడదు కనుక నా గొంతు మామూలుగానే పెద్దదైపోయింది. కోపం మాత్రం ఉద్యోగంతో వచ్చింది కాదు, ముందునుంచీ ఉన్నదే. దాని మూలంగా రెండుసార్లు సంజాయిషీ రాసిచ్చాను. మూడోసారి సూపర్వైజరమ్మ కాగితం కూడా ఇవ్వలేదు. "నాలుగు రోజులు సెలవు పెట్టి ఎక్కడికన్నా పోయిరా తల్లీ, నీకూ మాకూ కూడా మంచిది" అంది.

ఎక్కడికన్నా అంటే నాకు బందరు తప్ప ఇంకో ఊరు తోచదు.

ట్రాముల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. తను చదివిన ఊరని మా నాన్న ఇంటరుకు నన్ను అక్కడికి పంపినప్పుడు వారం రోజులు అన్నం మానేసి ఏడ్చాను. రెండేళ్ళయ్యాక తిరిగి మద్రాసు బండి ఎక్కుతూ అంతకంటే ఎక్కువ ఏడ్చాను. మధ్యలో జరిగిందల్లా ఒక స్నేహం. క్లాసులో ఇద్దరమే ఆడపిల్లలం, ముందు బెంచీ మాదే. ఆమె నెమ్మదస్తురాలు. పదిసార్లు ఆలోచించి ఒక మాట మాట్లాడేది. నేను పది మాటలు మాట్లాడాక ఒకసారి ఆలోచించేదాన్ని. ఇంటరు లెక్కల పరీక్షలో, ప్రశ్నపత్రం నాకు ఆలస్యంగా ఇచ్చాడని పర్యవేక్షకుడితో పోట్లాడి, రాసిన కాగితాలు ఆయన బల్ల మీద విసిరి బయటికొచ్చేశాను. నా చదువు అక్కడితో సరి. ఆమె బి.ఏ.లో చేరింది. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు, ఆమె ఆఖరి పరీక్షలు ఇంక మూడు వారాలున్నాయనగా, నేను సెలవు పెట్టాను.

అసలు నన్ను కదిలించింది ఆమె ఉత్తరం. బెజవాడ కాలవల ఆఫీసులో గుమాస్తా పనిచేసే అబ్బాయితో పెళ్ళి కుదిరిందట. బుధవారం నుంచి లెంటు, అంటే మా ఉపవాస దినాలు, మొదలు. ఆ నలభై రోజులూ, ఈస్టరు వెళ్ళేదాకా, మా చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. అందుకని మంగళవారమే ముహూర్తం పెట్టేశారు. "నువ్వు రావాలి" అని రాసింది. పరీక్షల గురించి ఒక్క ముక్క లేదు. ఆ లేని ముక్కే నాకు ఒళ్ళు మండించింది.

తెల్లవారి బెజవాడలో దిగి బందరు బండి పట్టుకున్నాను. బండి నిండా జనం, గంపలు, ఒక మేక. ఒకాయన నా కాలు తొక్కి, పైగా "కాస్త సర్దుకోమ్మా" అన్నాడు. మద్రాసులో అయితే పెద్ద గొడవయ్యేది. కానీ కిటికీలోంచి కాలవ కనిపించింది. పడవ మీద ఎండుగడ్డి, వరి కోసిన చేలల్లో పచ్చగా మినుము, ఎక్కడో బెల్లం కాగుతున్న వాసన. కాలు లాక్కుని ఊరుకున్నాను. ఆ ఊరి దారిలో నా కోపం ఎందుకో నా మాట వింటుంది.

ఆమె నాన్నగారు ఆసుపత్రిలో కాంపౌండరు. ఆసుపత్రి గోడ వెనకే ఇల్లు. గుమ్మంలోనే పట్టుకుంది నన్ను.

"ఏమే టెలిఫోనూ, వచ్చావా! నీ గొంతు వీధి చివరనుంచే వినపడుతోంది. జట్కావాడితో ఏమిటే తగువు?"

"తగువు కాదు, దారి చెప్పాను. పుస్తకాలేవే?"

"రాగానే అదా? కాళ్ళు కడుక్కో ముందు."

"బల్ల మీద ఉండేవిగా. ఏవి?"

అటక వైపు చూపించింది. నాలుగు కట్టలు, తాడుతో బిగించి ఉన్నాయి. కాబోయే అత్తగారు వచ్చినప్పుడు చూసి "ఇంకా ఇవెందుకమ్మా" అందట. వాళ్ళమ్మ ఆ సాయంత్రమే కట్టేసి పైకెక్కించింది.

"పరీక్ష ఫీజు కట్టావుగా?"

"కట్టాను. నంబరు కూడా వచ్చింది."

"మరి వాళ్ళకు చెప్పు!"

"ఏమని చెప్పనే? కార్డులు పంచేశారు. అత్తగారు ఆర్నెల్లనుంచీ రేషను పంచదార దాచి లడ్లు చేయించింది. అబ్బాయి మంచివాడు. నాకిష్టమే. ఇంక ఊరుకో."

"పరీక్ష రాయనిస్తాడా అతను?"

"అడగలేదు."

"అడక్కపోతే ఎలా తెలుస్తుందే నీ మొహం!"

"అందరం నీలా అరవలేం" అంది. అని, నా చెయ్యి లాగి తన చేతిలో వేసుకుంది. "ఆదివారం గుడిలో మూడో ప్రకటన చదువుతారు. నువ్వు నోరెత్తనని ఒట్టెయ్యి. నీ సంగతి నాకు తెలుసు."

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు వరుసగా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, వధూవరుల పేర్లు చదివి, ఈ పెళ్ళికి అభ్యంతరం తెలిసినవాళ్ళెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పాలని అడుగుతారు. ఎవరూ చెప్పరు. ఎక్కడా ఎవరైనా లేచారని నేను వినలేదు. ఒట్టు వేశాను. వేసేటప్పుడు నిజంగానే వేశాను.

శనివారం ఊరంతా తిరిగాం. కాలేజీ గేటు దగ్గర జామకాయలమ్మే అవ్వ నన్ను గుర్తుపట్టి "చిక్కిపోయావేమే పట్నం పిల్లా" అని రెండు కాయలు చేతిలో పెట్టింది. తాటాకుల హాస్టలు పాక తీసేసి పెంకులు వేశారు. గిల్టు నగల పనిచేసేవాళ్ళ వీధిలో మా ఇంటరు నాటి ఇంకో స్నేహితురాలుంది, పక్క క్లాసు పిల్ల. వాళ్ళ అబ్బాజాన్ రాగి గాజులకు పూత వేస్తూనే మాకు టీ పెట్టించాడు. పెళ్ళికూతురి చేతికి గాజుల కొలత తీసుకుంటూ ఆ పిల్ల నావైపు చూసి నవ్వింది. "ఇది రేపు గుడిలో నోరు మూసుకుంటుందా? నేనైతే నమ్మను."

"ఒట్టేయించాను" అంది పెళ్ళికూతురు.

"ఒట్టా! లెక్కల పరీక్షకు ముందు కూడా వేసింది, గొడవ పడనని."

ముగ్గురం నవ్వాం. టీ బాగుంది. నాకు మాత్రం అటక మీది కట్టలే కళ్ళముందు ఆడుతున్నాయి.

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళం ఎడమవైపు చాపల మీద. కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోంది. పాట ఎత్తుకోగానే నా గొంతు అందరికంటే పైకి లేచింది. పెళ్ళికూతురు మోచేత్తో పొడిచింది. ఆ పాటలు, ఆ గాలి, పక్కన ఆమె పౌడరు వాసన. మద్రాసులో ఏ ఆదివారమూ నాకు ఇంత హాయి దొరకలేదు. ఇలాగే అయిపోతే బాగుండు అనుకున్నాను.

అయ్యగారు కళ్ళద్దాలు సవరించుకుని ప్రకటన చదివారు. అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, మూడవసారి. అభ్యంతరం ఎరిగినవారు ఇప్పుడే తెలియజేయాలి అన్నారు. అని, రివాజు ప్రకారం కాసేపు ఆగారు.

సరిగ్గా ఆ నిశ్శబ్దంలో, మా వెనక చాప మీద కూర్చున్న అబ్బాయి తల్లి పక్కావిడతో గుసగుసగా అంది: "హమ్మయ్య. ఇంక ఆ పుస్తకాలు పొయ్యిలోకి పనికొస్తాయి."

నేను లేచి నిలబడ్డాను.

లేచాక గానీ లేచినట్టు నాకే తెలియలేదు. "ఒక్క నిమిషం అండీ!" అన్నాను. అది ట్రంకు లైను గొంతు. కిటికీ మీద పావురాలు ఎగిరిపోయాయి. చర్చిలో ఉన్న తలలన్నీ నావైపు తిరిగాయి. పెళ్ళికూతురు మాత్రం తల వంచుకుని నా చీర కుచ్చెళ్ళు పట్టి కిందికి లాగుతోంది.

"ఏమిటమ్మా అభ్యంతరం?" అన్నారు అయ్యగారు. పాపం, ఆయన కళ్ళద్దాలు తీసేశారు.

అప్పుడు ఆలోచించాను, ఏం చెప్పాలా అని. "మూడు వారాల్లో పరీక్షలున్నాయండీ. బి.ఏ. ఆఖరి పరీక్షలండీ."

మగవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అయ్యగారు కూడా ఊపిరి పీల్చుకుని నవ్వారు. "అది అభ్యంతరం కిందికి రాదమ్మాయ్. కూర్చో."

చెవులు కాలిపోతూ కూర్చున్నాను. అంతటితో అయిపోవలసిందే. కానీ ముందు వరసలోంచి హెడ్మాస్టరుగారు లేచారు. ఆయన మా సంఘంలో పెద్ద, పెళ్ళి ప్రకటనల రిజిస్టరు ఆయన చేతిలోనే ఉంటుంది. కామా తప్పు పడినా పేజీ మళ్ళీ రాసే మనిషి.

"కూర్చుంటే సరిపోదండి అయ్యగారూ. మీరు అడిగారు, ఒకరు లేచారు. విచారించకుండా 'ఎవరూ అభ్యంతరం చెప్పలేదు' అని నేను సంతకం పెట్టలేను."

"అది పరీక్ష అంటోంది కదండీ!"

"ఏదన్నా కానివ్వండి. లేచింది."

ఆరాధన అయ్యాక చర్చి పక్కగదిలో కూర్చున్నాం. అయ్యగారు, హెడ్మాస్టరుగారు, ఆమె తల్లిదండ్రులు, అబ్బాయి, అబ్బాయి తల్లి, గోడకు అంటుకుపోయి నేను. అబ్బాయి తల్లి ఎర్రగా చూస్తోంది. "ఎవరండీ ఈ పిల్ల? ఎవరి తరపు? దీని నోరు పాడుగాను, నా పరువంతా తీసేసింది!"

హెడ్మాస్టరుగారు ఎవరి మాటా పట్టించుకోలేదు. పెన్ను తెరిచి పెళ్ళికూతురిని అడిగారు. "నీ మాటేమిటమ్మా? రాసుకోవాలి."

ఆమె ఆ పెన్ను వంకే చూస్తోంది. నాకు నోరు దురద పెట్టింది. పళ్ళు బిగించాను.

"నాకు పెళ్ళి ఇష్టమేనండీ" అంది చివరికి. "పరీక్ష కూడా రాయాలని ఉందండీ."

"మరి ముందే చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదండీ."

ఆమె నాన్నగారు తల దించుకున్నారు. అప్పుడు ఆ అబ్బాయి, సన్నగా పొడుగ్గా ఉంటాడు, అప్పటిదాకా టోపీ తిప్పుకుంటూ నిలబడ్డవాడు, గొంతు సవరించుకున్నాడు. "నాకూ ఎవరూ చెప్పలేదండీ. పరీక్షలు అయిపోయాయనుకున్నాను."

"అయితే?" అన్నారు అయ్యగారు.

"ఈస్టరయ్యాక పెట్టుకుందామండీ. అప్పుడు ఎండాకాలమని నీళ్ళాపి కాలవలు కట్టేస్తారు, మా ఆఫీసులో మరమ్మతుల పని ఒత్తిడి. సెలవివ్వరు. అయినా కాళ్ళు పట్టుకుని మూడు రోజులు అడుగుతాను."

"ఒరేయ్!" అంది తల్లి. "కార్డులు? పందిరి? లడ్లు? నూట యాభై లడ్లురా! ఈస్టరుదాకా ఉంటాయా?"

"ఉండవే అమ్మా. తినేద్దాం."

హెడ్మాస్టరుగారు రిజిస్టరులో ఏదో రాసి, అద్దుడు కాగితం ఒత్తి, "ఇవాళ్టి ప్రకటన లెక్కలోకి రాదు. ఈస్టరు తర్వాత మళ్ళీ చదవాలి" అన్నారు. ఆయన మొహంలో నవ్వులేదు గానీ పుస్తకం మూసేటప్పుడు నావైపు ఒకసారి చూశారు. "ఈసారి కూర్చునే ఉండు" అన్నారు.

లడ్లు ఆ మధ్యాహ్నమే చర్చి ఆవరణలో పంచారు. ఆర్నెల్లుగా టీలో బెల్లం వేసుకున్న జనం కళ్ళు మూసుకుని తిన్నారు. అబ్బాయి తల్లి తన చేత్తోనే పళ్ళెం పట్టుకుని తిరిగింది. నా దగ్గరికొచ్చి ఆగింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆవిడ అందులో లడ్డు కుక్కింది. "తిను. నీకు సంబంధం చూసేవాళ్ళెవరో చెప్పు, ముందే వెళ్ళి వాళ్ళను ఓదార్చి వస్తాను." పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది, కొంచెమే.

పెళ్ళికూతురు మాత్రం దారిపొడుగునా నాకంటే పది అడుగులు ముందు నడిచింది. ఇంటికెళ్ళి తలుపు వేయగానే తలగడ తీసి నా వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది.

"ఒట్టేసి! అంతమందిలో! నేను తలెత్తుకుని తిరగద్దా ఈ ఊళ్ళో?"

"తప్పేనే. తప్పే. ఆవిడ పొయ్యి అనకపోతే..."

"మొదటి ప్రకటన రోజున నేనే లేద్దామనుకున్నాను, తెలుసా?" అంది తలగడ అలాగే పట్టుకుని. "లేవలేకపోయాను. పెళ్ళికూతురే అభ్యంతరం చెప్పడం ఎక్కడన్నా ఉందా?" అని, ముందు ఏడ్చింది, తర్వాత నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడింది.

వాళ్ళ నాన్నగారు పంచె పైకి దోపుకుని, నిచ్చెన తెచ్చి అటకెక్కి ఒక్కో కట్టా కిందికి అందించారు. అన్నిటినీ తుడిచి బల్ల మీద పెట్టారు. వాళ్ళమ్మ తాళ్ళు విప్పింది.

మంగళవారం పెళ్ళి లేదు కనుక సోమవారం సాయంత్రం బండికే నేను వెళ్ళాలి. ఆ పొద్దున్నే ఆమె చరిత్ర పుస్తకం నా ఒళ్ళో పడేసింది. "ప్రశ్నలడుగు. నెల దాటింది ముట్టుకుని."

అడిగాను. మొదటి మూడూ తప్పు చెప్పింది. నాకు కోపం వచ్చేసింది. "ఇదీ తెలియదటే? దీనికోసమా నేను గుడిలో లేచింది?"

"తిట్టు. ఎంతైనా తిట్టు" అంది, కళ్ళు మూసుకుని జవాబు గుర్తు చేసుకుంటూ. "ప్రశ్న మాత్రం మార్చకు. మళ్ళీ అదే అడుగు."

మళ్ళీ అదే అడిగాను.