ఒక్క మనిషి చేతిమీద అయిన గోడ

ఆ రోజుల్లో నాకు అలసట అంటే ఏమిటో తెలియదు, అణకువ అంటే అసలే తెలియదు. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒక పెద్దాసుపత్రిలో నర్సుగా చేరి మూడేళ్ళు దాటింది, సొంతిల్లు కొనుక్కుని ఎనిమిది నెలలైంది. ఎవరైనా 'నీవల్ల కాదులే' అంటే చాలు, ఆ పని నిజంగా నావల్ల అవుతుందో లేదో చూసుకోకుండా నడుం బిగించేదాన్ని. (ముందు ఆలోచించి తర్వాత దిగేవాళ్ళు జీవితంలో సుఖపడతారని ఇప్పుడు తెలుసు. అప్పుడు చెప్పినా వినేదాన్ని కాదు.)

ఇంటి వెనక వంటగది గోడ ఒకటి చొక్కా విప్పిన మనిషిలా నిలబడి ఉండేది. ముందటి ఓనరు పాత చెక్కలన్నీ పీకించి, నిలువుగా కర్రపట్టీలు కొట్టించి, అక్కడితో ఓపిక అయిపోయి ఇల్లే అమ్ముకుని వెళ్ళిపోయాడు. దానికి తొడగడానికి మా ఆయన క్లాడింగ్ పలకలు తెప్పించాడు. సిమెంటూ నారా కలిపి చేసిన బూడిదరంగు పలకలు, గోడ వెడల్పుకు కోయించినవి, ఒక్కోటి నాకు రెండింతల పొడవు. కింది పలకమీదికి పై పలక కొంచెం దిగేట్టు వరస తర్వాత వరస బిగించుకుంటూ పోవాలి. అవి పెరట్లో నీలం పట్టా కింద ఎనిమిది నెలలుగా పడున్నాయి. ఆ పట్టా కింద పక్కింటి పిల్లి రెండు కాన్పులు కూడా చేసుకుంది. మా ఆయనకు గ్లాస్గోలో ఆఫీసు. సోమవారం పొద్దున రైలెక్కితే శుక్రవారం సాయంత్రం దిగేవాడు. గోడ సంగతి ఎత్తితే "వచ్చే వారం చూద్దాం" అనేవాడు. ఏ వచ్చే వారమో ఎన్నడూ చెప్పలేదు.

అలా ఉండగా మా తెలుగు ఫెలోషిప్ ప్రార్థన మా ఇంట్లో పడింది, శనివారం సాయంత్రం. సోమవారం ఫోనులో ఆయనతో, "నాకు రేపట్నుంచి మూడు రోజులు ఆఫ్. గోడ నేను బిగించేస్తా," అన్నాను.

"నీవల్ల కాదులే. అది ఇద్దరి పని. ఒకళ్ళు పట్టుకోవాలి, ఒకళ్ళు బిగించాలి. నువ్వు సమోసాల సంగతి చూడు."

'నీవల్ల కాదులే' ఒక్కటే అయితే ఏమో గాని, ఆ సమోసాల మాట నా గుండెకు తగిలింది. మా నాన్న తెనాలి పక్కన తాపీమేస్త్రి. రసమట్టం, తూకపు గుండు, తాపీ పట్టుకుని ఆడుకుంటూ పెరిగిన పిల్లని. మేస్త్రి కూతుర్ని పట్టుకుని సమోసాలంటాడా అనుకున్నాను. పైకి మాత్రం "సరేలెండి" అన్నాను. ఆ 'సరేలెండి' విని అనుమానపడేంత అనుభవం పాపం ఆయనకింకా రాలేదు.

మంగళవారం పొద్దున్నే డ్రిల్లు పట్టుకుని పెరట్లోకి దిగాను. నేలమీద పరిచిన బండల నుంచి రెండు పక్కలా సరిగ్గా జానెడెత్తు కొలిచి, మొదటి పలకను కింద ఇటుకలు పెట్టి నిలబెట్టి బిగించేశాను. ఆ వరస సులువుగా అయింది. రెండోదానికి ఇటుకలు అందవు. ఆ చివర పట్టుకుంటే ఈ చివర జారుతుంది, మధ్యలో పట్టుకుంటే రెండూ ఊగుతాయి. మోకాలితో ఆనించాను, తలతో ఆనించాను, ఒకసారి పిరుదుతో ఆనించి చెయ్యి వెనక్కి పెట్టి స్క్రూ బిగించబోయాను. పలక కాలిమీద పడింది.

ఫెన్స్ అవతలి నుంచి పక్కింటి తాత గొంతు వినిపించింది. "గంట నుంచి చూస్తున్నా, లవ్. ఈ సర్కస్‌కి టిక్కెట్టు ఎక్కడ కొనాలి?"

ఆయన వడ్రంగం చేసి రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గర పడ్డాడు. భుజానికి ఆపరేషన్ అయి కుడిచెయ్యి పైకి లేవదు. అందరినీ 'లవ్' అని పిలుస్తాడు. (ఇక్కడి పెద్దవాళ్ళకు అది మన 'అమ్మా' లాంటిదని తెలియక, కొత్తలో నేను రెండు రోజులు ఆయన కంటపడకుండా తిరిగాను.)

"ఒక మనిషి తోడుంటే అయిపోయేది, తాతా," అన్నాను.

"నీకు మనిషి ఎందుకు. నా అల్లుళ్ళని ఇస్తాను, ఉండు."

షెడ్డులోకి వెళ్ళి రెండు ఇనప కొక్కేలు తెచ్చి ఫెన్స్ మీద పెట్టాడు. అరచేతంత ఉన్నాయి. బిగించిన పలకకు రెండు చివర్లా వాటిని తగిలించి మర తిప్పితే గట్టిగా కరుచుకుంటాయి. వాటికి చిన్న అరుగులా ఒక మెట్టు ఉంటుంది. కొత్త పలకను తెచ్చి ఆ మెట్లమీద కూర్చోబెడితే చాలు, జారదు, కింది పలకమీదికి ఎంత దిగాలో అంతే దిగుతుంది. మనం తీరిగ్గా బిగించుకోవచ్చు.

"వీళ్ళు టీ అడగరు. నీ కూతురిట్లా, నీ కూతురట్లా అని చెప్పరు. పట్టుకోమన్నది పట్టుకుంటారు," అన్నాడు తాత. "అసలు అల్లుళ్ళు కూడా ఇద్దరున్నారులే నాకు. అందుకే చెప్తున్నా."

ఆ తర్వాత నా దూకుడుకు అడ్డు లేదు. పలక కూర్చోబెట్టడం, బిగించడం, అల్లుళ్ళను ఊడదీసి పై వరసకు ఎక్కించడం. నోట్లో స్క్రూలు పెట్టుకోవద్దని తాత అరుస్తున్నా పెట్టుకుని, వాటి సందులోంచే స్తుతిపాటలు పాడుకుంటూ పనిచేశాను. బుధవారం మధ్యాహ్నానికి పదకొండు వరసలు లేచాయి. ఇక ఉండబట్టలేక నాన్నకు వీడియో కాల్ చేసి గోడ చూపించాను.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బాగుందమ్మాయ్. ఫోను వంకరగా పట్టుకున్నావా?"

"లేదే. నిటారుగానే పట్టుకున్నా."

"మరి గోడేంది ఓ పక్కకి జారినట్టుంది? మొదటి వరసకి రసమట్టం పెట్టావా?"

"నేల నుంచి రెండు పక్కలా జానెడు కొలిచి పెట్టా నాన్నా."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "వానొస్తే మీ పెరట్లో నీళ్ళు ఎటు పోతాయమ్మా?"

మూలనున్న కాలవలోకి పోతాయి. ఎందుకు పోతాయంటే బండలన్నీ ఆ మూలకు పల్లం వచ్చేట్టు వాటంగా పరిచారు కనక. ఆ పల్లమే నా వరసలకూ వచ్చింది.

"ముప్పయ్యేళ్ళ నుంచి మేస్త్రి పని చేత్తన్నా," అన్నాడు నాన్న, వెనకున్న ఎవరితోనో చెబుతున్నట్టు. "నా కూతురు పోయి పోయి నేలని నమ్మింది."

తప్పు నేను ఒక్కసారే చేశాను. ఆ అల్లుళ్ళు దాన్ని అణువంత తేడా రాకుండా మరో పదిసార్లు చేసిపెట్టారు. డ్రిల్లు వెనక్కి తిరిగేట్టు పెట్టుకుని పదకొండు వరసలూ ఊడదీస్తుంటే ఫెన్స్ దగ్గర తాత తన టీ తాను తాగుతున్నాడు. అనుమానం వచ్చి అడిగాను.

"నీకు ముందే తెలుసా తాతా?"

"మూడో వరసకే చూశా, లవ్."

"చెప్పలేదేం మరి?"

"నువ్వు పాడుకుంటూ చేస్తున్నావు. ఆపబుద్ధి కాలేదు."

తాత దగ్గరే రసమట్టం అడిగి తీసుకుని, గురువారం చీకటి పడే లోపు పదహారు వరసలూ పూర్తిచేశాను. గాజు గొట్టంలో బుడగ మధ్యలో నిలబడితే ఎంత హాయిగా ఉంటుందో చిన్నప్పుడు నాన్న ముఖంలో చూశాను గాని, నాకు తెలిసింది ఆ రోజే. శుక్రవారం డ్యూటీ. మా ఆయన ఆ రాత్రి వానలో తడిసి వచ్చి, తిని పడుకున్నాడు. నేను గోడ మాట ఎత్తలేదు. తెల్లారి తనంతట తనే చూసి నోరు తెరవాలి, నేను "ఓ, అదా" అనాలి. నా ఏర్పాటు అది. అద్దంలో చూసుకుంటూ ఆ "ఓ, అదా"ను రెండుసార్లు అనుకుని కూడా చూశాను.

శనివారం పొద్దున టీ చేతికిచ్చి, "బయట ఎండ బాగుంది, పెరట్లో తాగండి," అన్నాను. వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తున్నాను. సరాసరి నా గోడకే వీపు ఆనించి, ఫోను చూసుకుంటూ కప్పు ఖాళీ చేసి లోపలికొచ్చాడు. "చక్కెర కొంచెం తగ్గినట్టుంది," అన్నాడు.

సాయంత్రం దాకా నేను మాట్లాడలేదు. మాట్లాడలేదన్న సంగతి కూడా ఆయన గమనించలేదు. ప్రార్థన అయ్యాక అందరూ ప్లేట్లు పట్టుకుని పెరట్లోకి వెళ్ళారు. మా ఫెలోషిప్‌లో అందరికన్నా పెద్దాయన, మేమంతా పెద్దంకుల్ అని పిలిచే మనిషి, గోడ ముందు ఆగిపోయాడు.

"ఏం తమ్ముడూ, గోడ ఇంత నీట్‌గా చేయించావు? ఎవర్ని పెట్టావు?"

అప్పుడు చూశాడు మా ఆయన. కింది నుంచి పైదాకా, మళ్ళీ పై నుంచి కిందిదాకా. ఆ రెండు క్షణాల్లో ఆయన ముఖంలో ఎన్ని రంగులు మారాయో నాకొక్కదానికే తెలుసు. తర్వాత గొంతు సవరించుకుని, "ఎవర్నీ పెట్టలేదంకుల్. మనమే చేసుకున్నాం," అన్నాడు.

సమోసాల ప్లేటుతో నేను ముందుకు జరిగాను. "అవునంకుల్. ఒక్క మనిషి చేతిమీదే అయింది. ఇంకొకళ్ళు వేలు కూడా పెట్టలేదు." (ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదని గమనించాలి.)

"ఒక్కడివే చేశావా?" పెద్దంకుల్ మా ఆయన భుజంమీద చెయ్యేశాడు. "దేవుడే చూపించాడు నిన్ను. మా షెడ్డు పలకలు ఏడాది నుంచి పడున్నాయి. వచ్చే శనివారం వచ్చెయ్ తమ్ముడూ."

పాస్టర్‌గారు పక్కనే ఉన్నారు. మా ఆయన తలూపాడు. అందరూ వెళ్ళాక ఒక్కడే పెరట్లోకి వెళ్ళి, వరసలన్నీ చేత్తో తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు. లోపలికొచ్చి, "శనివారం నువ్వూ రావాలి," అన్నాడు.

"నాకు డ్యూటీ," అన్నాను. నాకు డ్యూటీ లేదు.

ఆ శనివారం, నేను తాతను అడిగి తెచ్చిచ్చిన అల్లుళ్ళను సంచిలో వేసుకుని ఆయన బయల్దేరుతుంటే సాగనంపాను. గంటసేపు హాయిగా నవ్వుకున్నాను. రెండో గంటలో, మొదటి వరస సంగతి ఆయనకు చెప్పలేదని గుర్తొచ్చింది. మూడో గంటలో బస్సెక్కాను.

వెళ్ళేసరికి షెడ్డుకు ఒక్క పలక కూడా ఎక్కలేదు. మా ఆయనా పెద్దంకులూ కుర్చీలేసుకుని కూర్చుని ఉన్నారు. "రామ్మా," అన్నాడు పెద్దంకుల్. "వచ్చీ రాగానే చెప్పేశాడు. 'అంకుల్, ఆ గోడ పని చేసింది మా ఆవిడ. నేను చెయ్యకపోగా, పొద్దున దానికి ఆనుకుని టీ తాగి కూడా చూడలేదు' అన్నాడు. నువ్వు వస్తావని కూడా తనే అన్నాడు. అందుకే ఆగాం."

మా ఆయన నావైపు చూడకుండా లేచి, ఒక పలకకు ఆ చివర పట్టుకుని నిలబడ్డాడు. ఈ చివర నేను పట్టుకున్నాను. కోరుకున్న పొగడ్త అలా అందింది. దానితోపాటు ఆ ఎండాకాలంలో నా ఆఫ్ రోజులన్నీ పోయాయి. పెద్దంకుల్ ఊరుకునే మనిషి కాదు, కనపడ్డవాళ్ళందరికీ నా సంగతి చెప్పాడు. న్యూకాసిల్ నుంచి కూడా ఒక ఆంటీ ఫోను చేసి, "పలకల సిస్టరేనా అమ్మా?" అని అడిగింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏది చూసి ఎవరు బాగుందన్నా, "ఏమో, ఎవరు చేశారో మరి," అని వంటింట్లోకి వెళ్ళిపోతున్నాను. భుజాలు ఆ మాత్రం తెలివి నేర్పాయి. అయినా ఒక్కోసారి పొద్దున్నే టీ పెడుతుంటే, కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. 'పిచ్చిదానా, వెళ్ళి పడుకో, నీకు రేపు డ్యూటీ ఉంది' అని చెప్పాలనిపిస్తుంది. వినదని తెలుసు. వినకపోతేనే బాగుండుననీ అనిపిస్తుంది.